కొండపల్లెకు తిరుగు టిక్కెట్టు

వేసవి సెలవులకు ఇంకను నెల దినములు గడువుండగనే మా ప్రాంతపు పాఠశాలలలో, మధ్యాహ్న విరామ సమయమున, ఒక ప్రశ్న తలయెత్తును: ఈ యేడు పిల్లలతో ఎక్కడికి పోవుదము? ప్రశ్న చిన్నదే. కాని దాని వెంట మూడు షరతులు వచ్చును. చల్లగా ఉండవలెను. కొండయు చెట్టును కంటినిండుగ కనబడవలెను. రైలు దిగిన చోటికి ఆ ఊరు దగ్గరగా ఉండవలెను. ఈ మూడవ షరతే అన్నిటికంటె గట్టిది. ఉపాధ్యాయుని జీతములో కారు బాడుగ మొదటి రెండు దినములలోనే సెలవులను మింగివేయును. వృద్ధులైన తల్లిదండ్రులు, చంటిబిడ్డలు ఉన్న కుటుంబమునకు ఘాటు రోడ్డు మలుపులలో బస్సు ప్రయాణము సుఖము కాదు. రైలులోనైతే అవ్వ కాళ్లు చాచుకొని కూర్చుండును. పిల్లవాడు కిటికీ విడువడు. ఇంటినుండి కట్టుకొనిపోయిన పులిహోర అందరికి సరిపోవును.

ఈ ప్రశ్నకు సాధారణముగ వచ్చు సమాధానములు రెండు. కొందరు ఉదకమండలమందురు. కొందరు అరకు అందురు. అప్పుడప్పుడు ఒకరిద్దరు కొడైకెనాలు పేరెత్తుదురు గాని ఆ కొండపైకి రైలు లేదు. కొడై రోడ్డు స్టేషనులో దిగిన పిమ్మట మరల ఘాటు రోడ్డే గతి. మన మదనపల్లె దగ్గరి హార్సిలీ కొండకును రైలు యోగము లేదు. ఇంతమంది ఇన్ని ఊళ్లు చెప్పుదురు గాని, నంద్యాలలో ఏ మేడయెక్కి తూర్పునకు చూచినను కనబడు నల్లమల పేరు మాత్రము ఎవరును చెప్పరు. ఆ కొండను తొలుచుకొని రైలు పోవుచున్నది. ఆ రైలులో గుంటూరు పోయినవారు, విజయవాడ పోయినవారు వేలకొలది ఉన్నారు. నడుమ దిగినవారు ఎందరు?

నంద్యాల బిడ్డను కొండ బొమ్మ వేయుమనుడు. రెండు త్రికోణములు గీసి వాని నడుమ సూర్యుని నిలుపును. ఎవరో నేర్పిన కొండ అది. తన ఊరి తూర్పునున్న కొండ త్రికోణము కాదు. ఉత్తరమునుండి దక్షిణమునకు, కృష్ణ మొదలు పెన్న వరకు, గోడ కట్టినట్లు సాగిన నీలి వరుస. సూర్యుడు దాని వెనుకనుండి నిజముగనే ఉదయించును. అయినను ఆ బిడ్డ చూచి వేయడు. చూడనిదానిని వేయుమని అడుగుట మన తప్పా, వాని తప్పా అనునది వేరు విషయము.

మన సాహిత్యములో సెలవు యాత్రికుడు అనదగినవాడు ఒక్కడున్నాడు: పెద్దన మనుచరిత్రలోని ప్రవరుడు. ఇల్లు కదలని గృహస్థు. దేశములు తిరిగివచ్చిన సిద్ధుని మాటలు విని మనసు ఆగక, కాలికి పసరు పూయించుకొని క్షణములో హిమాలయమునకు పోయెను. చూడదలచినది చూచెను. అంతలో మంచునీటికి పసరు కరగిపోయెను. ఇంటికి తిరిగివచ్చు దారి మూసికొనెను. తరువాతి కథ విద్యార్థులకు కంఠపాఠమే. పరీక్షలలో మనము వరూధినిని గూర్చియు, ప్రవరుని నిష్ఠను గూర్చియు అడుగుచుందుము. నా మటుకు ఆ కథలో గృహస్థునకు మొట్టమొదట తోచవలసిన సంగతి మరొకటి. ఆయన పోవు సాధనమును మాత్రమే చూచుకొనెను. తిరుగు సాధనమును చూచుకొనలేదు. సాయంకాలమునకు అగ్నిహోత్రము దగ్గర ఉండవలసినవాడు ఆ పని చేసి ఉండకూడదు. బడి తెరచు దినమునకు హాజరు పట్టీలో సంతకము చేయవలసినవారమగు మనకును ఇది వర్తించును. కొండ ఊరికి రైలుండవలెనను పట్టుదల వెనుక ఉన్నది సోమరితనము కాదు, తిరుగుదారి లెక్క.

ఇక కొండ రైళ్ల సంగతి. ఇవి మనకు అందము చూపుటకు పుట్టినవని అనుకొనుట పొరపాటు. నీలగిరి రైలు ఒక్కటే కొంతవరకు ఆ కోవకు చెందును. మేట్టుపాళయమునుండి కూనూరు వరకు 1899లోను, ఉదకమండలము వరకు 1908లోను అది నడచినది. ఎండకు ఓర్వలేని దొరలు వేసవి గడుపుటకు అక్కడ ఊరు కట్టుకొనిరి, ఆ ఊరికి రైలు వేసికొనిరి. పండ్లచక్రముతో పట్టాల నడుమనున్న పండ్లపట్టీని పట్టుకొని ఎక్కు ఆ బండిని 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. చూడదగినదే. కాని నంద్యాలనుండి బండ్లు మారి మారి అంత దూరము పోయి, మే నెల తొక్కిసలాటలో గది దొరకక తిరుగుట కంటె, ఇంటి మిద్దెపై తడిగుడ్డ కప్పుకొని పడుకొనుట మేలని నేను అనుకొందును.

అరకు సంగతి వేరు. కొత్తవలసనుండి కిరండోలు వరకు పోవు ఆ మార్గము 1960ల దశకములో వేసినది. బైలదిల్లా కొండలలోని ఇనుప ఖనిజము విశాఖ రేవు చేరి జపానుకు ఎగుమతి కావలెనని వేసిన దారి అది. తూర్పు కనుమలలో ఏబదికి పైగా సొరంగములు తొలిచిరి. శిమిలిగూడ స్టేషను సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తున ఉన్నది. కాశ్మీరులో రైలు మార్గము రానంతకాలము దేశములోని బ్రాడ్‌గేజి స్టేషనులలో అదే అతి ఎత్తైనది. ఖనిజము దిగివచ్చు దారిలో మనుష్యులు ఎక్కిపోవుట తరువాతి ముచ్చట. 2017లో ఆ బండికి గాజుకప్పు గల పెట్టె కూడ తగిలించిరి. బొర్రా గుహలకు స్టేషను వేరుగా ఉన్నది. అరకు లోయ చలికాలమున నిజముగనే చలి; కాఫీ తోటలు, వలిసె పూల పసుపు, సంతలో కొండవారి మాట, అన్నియు కన్నులకును చెవులకును కొత్తవి.

నంద్యాల వారికి అరకు అందని ఊరు కాదు. బెంగుళూరునుండి భువనేశ్వరమునకు పోవు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ మన ఊరి మీదుగనే నడచును. విశాఖలో దిగి, ఉదయపు కిరండోలు బండి పట్టుకొనవచ్చును. అయితే రాకపోకలతో అయిదు దినములు పట్టును. 2024 నవంబరునుండి రైలు రిజర్వేషను ప్రయాణమునకు అరువది దినముల ముందే తెరచుచున్నారు గనుక దసరా యాత్రకు శ్రావణమాసముననే నిర్ణయము కావలెను. ఇంట్లో నలుగురుంటే నలుగురికి నాలుగు అభిప్రాయములుండు కాలమది. మూడేండ్లకొకమారు అరకు పోవుడు, వలదనను. కాని తక్కిన రెండేండ్ల మాటేమి?

ఇప్పుడు మన కొండ రైలు సంగతికి వత్తును. 1876-78 నాటి కరువును మన తాతముత్తాతలు ధాత కరువని చెప్పుకొనిరి. ఆ సంవత్సరములలో రాయలసీమలో గింజ లేక జనము నశించినది. ఒక జిల్లాలో పండిన ధాన్యము మరొక జిల్లాకు చేరు సాధనము లేకపోవుట ఆ నాశమునకు ఒక కారణమని పాలకులు తరువాత గ్రహించిరి. ఆ శతాబ్ది చివరి దశకములలో బళ్లారి సీమను కృష్ణాతీరముతో కలుపుచు మీటరుగేజి మార్గము వేసిరి. గుంతకల్లునుండి బయలుదేరిన ఆ పట్టాలు కుందూ లోయలో నంద్యాల చేరువరకు పేచీ లేదు. అటుపిమ్మట ఎదురు నిలిచినది నల్లమల. కొండను తొలిచిరి; తొలువ వీలుకాని లోయమీద ఉక్కు వంతెన నిలిపిరి. ఆ వంతెనకే దొరబావి వంతెనయని పేరు. లోయ అడుగున దట్టమైన అడవి, పైన సన్నని పట్టాలు. ఆ వంతెన దాటునపుడు బండిలో మాటలు ఆగిపోయెడివని ఆ తరము వారు ఇప్పటికిని చెప్పుదురు. 1990ల దశకమున మార్గమును బ్రాడ్‌గేజిగ మార్చినపుడు కొత్త సొరంగముతో దారి తిప్పిరి. దొరబావి వంతెన వాడుక తప్పినది. నేటి బండిలో కూర్చున్నవానికి లోయ లేదు, చీకటి మాత్రమున్నది. ఆ చీకటిలో పిల్లలు పెట్టు కేకలు అప్పటివలెనే ఉన్నవనుకొందును.

తెలుగు ఉపాధ్యాయులకు ఈ మార్గములో స్టేషనుల పేర్లే ఒక పాఠము. నంద్యాల దాటిన పిమ్మట గాజులపల్లె. తరువాత బొగద. గట్టు క్రింద తొలిచిన దారికి మన వాడుకలో బొగదయని పేరు. ఇక్కడ సొరంగము పేరే చోటికి నిలిచినది. ఆ పైన చెలమ. ఎండిన వాగు ఇసుకను చేతితో త్రవ్వినపుడు ఊరు నీటి గుంటను చెలమ యందురు. సీమ పల్లెలలో పెరిగిన ఏ స్త్రీనడిగినను చెప్పును. దాహము గొన్నవాడెవడో అక్కడ నీరు కనుగొని ఆ పేరు పెట్టి ఉండవలెను. తరువాత దిగువమెట్ట, అటుపై గిద్దలూరు. అసలు నల్లమల యను మాటలోని మల, తిరుమలలోని మల ఒక్కటే. కొండకు అది మన పాత మాట. పడమటి దిక్కున బనగానపల్లె వైపు ఎర్రమల. ఎర్రమలకును నల్లమలకును నడుమ కుందూ. భూగోళ పుస్తకమున రెండు పుటలు పట్టు విషయము రెండు పేర్లలో ఇమిడియున్నది.

అందరును నాపై కోపించు మాటొకటి ఇక్కడ చెప్పవలసియున్నది. నల్లమల చల్లని కొండ కాదు. దాని ఎత్తైన శిఖరములు 900 మీటర్లు దాటును గాని రైలు పోవు కనుమ అంత ఎత్తున లేదు. ఉదకమండలము 2,200 మీటర్లకు పైన ఉన్నది. ఆ పోలిక వలదు. పైగా ఇది ఆకురాల్చు అడవి. టేకు, నల్లమద్ది, ఏగిస, వెదురు వేసవిలో బోసిపోవును. మే నెలలో గాజులపల్లెలో దిగి పచ్చదనము వెదకువాడు నిరాశ చెంది, ఊరంతటికి నల్లమల వట్టిదని చాటును. సెలవు లెప్పుడుండునో అప్పుడే కొండ పచ్చగా ఉండవలెనను కోరిక విద్యాశాఖ క్యాలెండరుది, కొండది కాదు.

మరి ఎప్పుడు పోవలెను? దసరా సెలవులలో. అప్పటికి ఆషాఢ శ్రావణ భాద్రపద వానలు అడవిని నింపి యుండును, వాగులు పారుచుండును, గాలి తేటపడియుండును. రెండవది, సంక్రాంతి: మంచు తెర, ఉదయపు చలి, ఎండిన గడ్డి బంగారు రంగు. వీనికంటె నాకు ఇష్టమైన కాలము ఫాల్గుణము. అది సెలవుల కాలము కాదు, ఒక ఆదివారము చాలును. ఆకులు రాలిన చెట్ల నడుమ మోదుగ ఎర్రగా, కొండగోగు పసుపుగా పూయును. మన కావ్యములలోని వసంతము చిగుళ్లతోను కోయిలలతోను వచ్చును. నల్లమల వసంతము ఆకు లేని కొమ్మపై పూవుగా వచ్చును. పిల్లలకు వసంతర్తు వర్ణనము చెప్పు ఉపాధ్యాయుడు ఒక్కమారు ఈ రెంటిని పక్కపక్కన పెట్టి చూపినచో, కవిసమయమనగా ఏమో వేరుగా వివరింపనక్కరలేదు.

దిగవలసిన ఊరు గాజులపల్లె. ఎక్స్‌ప్రెసులన్నియు అక్కడ ఆగవు. ఆగు బండి ఏదో నంద్యాల స్టేషనులో ముందు విచారింపవలెను. అక్కడినుండి కొద్ది కిలోమీటర్ల దూరమున కొండ పాదముననే మహానంది ఉన్నది. నంద్యాలనుండి బస్సులో పోయి, స్నానము చేసి, దర్శనము చేసికొని, మధ్యాహ్నమునకు ఇల్లు చేరుట మనవారి అలవాటు. మహానందిని అట్లు చూచినవారు చూడలేదనియే నా అభిప్రాయము. రెండు రాత్రులు సత్రములో ఉండుడు. కొండ రాళ్లలోనుండి ఎడతెగక ఊరు నీరు ఆలయ కుండములలో నిండి, అడుగున వేసిన నాణెము కనబడునంత తేటగా నిలిచి, బయటికి పోయి అరటితోటలకు పారును. ఎండలకు నంద్యాల బావులు అడుగంటినను ఈ ఊట ఆగదు. వాన కొండమీద పడి, రాతి పొరలలో నెలల తరబడి ఇంకి, ఇక్కడ బయటపడు క్రమమును ఎనిమిదవ తరగతి పిల్లవాడు నల్లబల్లపై బాణపు గుర్తులతో నేర్చును. ఇక్కడ ఆ బాణపు గుర్తు చివర కాళ్లు పెట్టి కూర్చుండవచ్చును.

సాయంకాలము యాత్రికులు వెడలిన పిమ్మట ఊరు మారిపోవును. అరటి ఆకుల చప్పుడు, కోతుల తగవులు, కొండ నీడ తోటలమీదుగ పాకివచ్చుట. అంతవరకు బాగుగనే ఉన్నది. చీకటి పడిన తరువాత మాత్రము పిల్లలను తోటల వైపు పోనీయరాదు. ఇది పెద్దల బెదిరింపు మాట కాదు. 2024లో మహానంది పరిసరములలో చిరుతపులి సంచరించినది. ఆ సంవత్సరమే పచ్చర్ల దగ్గర చిరుత వాత పడి ఒక స్త్రీ మరణించినది. ఆమె కట్టెలకు పోయినది. విహారమునకు పోయినది కాదు. కొండ ఊరు అందముగా ఉన్నదని మనము మెచ్చుకొను చోటనే అక్కడివారు పొయ్యిలోనికి కట్టె తెచ్చుకొనవలెను.

ఈ సంగతి ముందు పెట్టుకొని చెలమను, దిగువమెట్టను గూర్చి చెప్పవలెను. బండి కిటికీలోనుండి చూచినపుడు అందరికి అక్కడనే దిగిపోవలెనని తోచును. చుట్టు అడవి, చిన్న ప్లాట్‌ఫారము, ఒక వేపచెట్టు, జెండాతో నిలిచిన ఉద్యోగి. కాని అది విడిది గదులు గల ఊరు కాదు. ఆ చుట్టుపట్టు గుండ్ల బ్రహ్మేశ్వర అభయారణ్యము. దాని ఉత్తరమున నాగార్జునసాగరు శ్రీశైలము పులుల అభయారణ్యము, దేశములోని పులుల అడవులన్నిటిలో విస్తీర్ణమున పెద్దది. అనుమతి లేక అడవిలో అడుగు పెట్టరాదు. పట్టాల వెంట నడచుట, సొరంగములోనికి తొంగిచూచుట చట్టరీత్యా నేరము, బుద్ధిరీత్యా మూర్ఖత. అడవి శాఖవారు పచ్చర్ల దగ్గర విడిది ఏర్పాటు చేసిరి. ముందుగా వ్రాసికొని పోవువారికి అదే సరియైన దారి. వారి వెంట వచ్చు చెంచు యువకుడు పుస్తకములలో లేని చెట్ల పేర్లు చెప్పును. ఆ పేర్లు వ్రాసికొనుటకు ఒక నోటుపుస్తకము తీసికొనిపోవుడు. అతని కూలి అతనికి సక్రమముగా ఇండు.

చెంచులను గూర్చి ఒక్క మాట. మన విహారయాత్రలలో ఒక దురాచారము ప్రబలినది. గూడెము దగ్గర బస్సు ఆపి, పిల్లలకు బిస్కత్తులు పంచి, వారితో నిలబడి ఫొటో తీయించుకొనుట. మన వీధిలో పరాయివారు బస్సు దిగి మన పిల్లలకు బిస్కత్తులు పంచి ఫొటోలు తీసినచో మన మేమనుకొందుమో దానినే వారు కూడ అనుకొందురు. వారు నోటితో అనకపోవుట వారి మర్యాద. అహోబిల నారసింహుడు చెంచులక్ష్మిని చేపట్టి ఈ అడవికి అల్లుడైనాడు. అల్లుని చూడబోవువారికి ఆ మాత్రము మర్యాద ఉండవద్దా?

అహోబిలము పేరు వచ్చినది గనుక ఆళ్లగడ్డవారు ఇంతవరకు ఊరకుండుట ఆశ్చర్యమే. వారి ఫిర్యాదు న్యాయమైనది: ఆళ్లగడ్డకు రైలు లేదు. 2016లో నంద్యాల ఎర్రగుంట్ల మార్గము తెరచినపుడు ఆశపడిరి గాని ఆ పట్టాలు ఆళ్లగడ్డను తాకక పడమరగా బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు మీదుగ పోయినవి. కనుక ఈ ప్రాంతమునకెల్ల గొప్ప కొండ ఊరు అహోబిలమైనను, రైలు షరతు ముందు అది నిలువదు. నంద్యాల స్టేషనులో దిగి ఆళ్లగడ్డ మీదుగ బస్సు పట్టవలెను.

అంతమాత్రమున విడువదగిన ఊరు కాదది. ఎర్రాప్రెగడ తన నృసింహపురాణమును అంకితమిచ్చినది ఈ కొండ దేవరకే. దిగువ అహోబిలమునుండి ఎగువ అహోబిలమునకు, అక్కడినుండి భవనాశినీ లోయలో రాళ్లు దాటుచు జ్వాలా నారసింహుని వరకు పోవు దారి మోకాళ్ల సత్తువను పరీక్షించును. ఉగ్రస్తంభము తలయెత్తి చూచినపుడు, స్తంభము చీలెనను కథకు ఈ చీలిన కొండ కారణమా, ఈ కొండకు ఆ కథ కారణమా యని ఏ విద్యార్థియైనను అడుగకమానడు. అడుగనిండు. దారిలో ఆళ్లగడ్డలో శిల్పుల పాకల ముందు ఒక గంట ఆగుడు. ఉలి చప్పుడు చేయుచు, సగము పుట్టిన నందులు, ముఖము ఇంకను రాని దేవతలు వరుసగా నిలిచియుందురు. పూర్తియైన శిల్పము గుడిలో కనబడును. అగుచున్న శిల్పము ఇక్కడనే కనబడును.

1830 మే నెలలో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య అహోబిలము, మహానంది చూచుకొని శ్రీశైలము పోయెను. బోయీలు మోయు సవారిలో, గుడారములతో, మండుటెండలో పోయిన ప్రయాణమది. ప్రతి మజిలీలో నీరు దొరకునా, బియ్యము దొరకునా, వర్తకుడున్నాడా అను సంగతులు ఆయన శ్రద్ధగా వ్రాసికొనెను. యాత్రికుడు తన తరువాత వచ్చువాని కొరకు వ్రాయు వ్రాత అది. మన విద్యార్థులు వ్రాయు విహారయాత్రా వ్యాసములు సర్వసాధారణముగ ప్రకృతి రమణీయముగా ఉన్నదని మొదలై ఎంతో ఆనందించితిమని ముగియును. ఆ ఊళ్లో మంచినీరు ఎక్కడ దొరకినది, ముసలివారికి ఎన్ని మెట్లు, బస్సు ఎన్ని గంటలకు అను మూడు సంగతులు చేర్చుమని అడిగి చూడుడు. వ్యాసము బ్రతుకును.

పోవలెనన్న తలపు లేనివారి దగ్గరకు కొండ తానే వచ్చుటయు ఈ సీమలోని వింత. కనుమ మొదలు నలువది దినములకు పైగా అహోబిలేశుడు పల్లకిలో పారువేటకు బయలుదేరి, ముప్పదికి పైగా పల్లెలు తిరిగి, తన కల్యాణమునకు రండని పిలుచును. ప్రతి పల్లెకు ఆయన వచ్చు దినము వారికి పండుగ; ఆడబిడ్డలు పుట్టిండ్లకు వత్తురు. సెలవులకు కొండ దిగివచ్చి పల్లెలు చూచు దేవుడు లోకములో మరెక్కడనున్నాడో నాకు తోచదు.

ఆళ్లగడ్డవారికి రైలే కావలెనన్నచో మరొక దారి చెప్పెదను. ఆ కొత్త మార్గములో బనగానపల్లెలో దిగినచో పది పన్నెండు కిలోమీటర్లలో ఎర్రమల కొండల ఒడిలో యాగంటి ఉన్నది. నల్లమల వలె అడవి కాదు. పొరలు పొరలుగా పేర్చిన ఎర్రని రాతికొండ, దాని గుహలు, ఏడాది పొడవున కొండనీరు దిగు కోనేరు. కాకి వాలని క్షేత్రమని ప్రతీతి. వేసవిలోనే పోవలెనని పట్టుబట్టువారికి ఇది ఒక విధముగ మేలు: రాతికి ఆకు రాల్చు కాలము లేదు. పైగా అది బంగినపల్లి మామిడి ఊరు. 2017లో ఆ పండునకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. తోటలో పండిన కాయను ఊళ్లోనే తినుట కొరకు కొండ నెపముగా పోయినను తప్పు లేదు.

చిన్న స్టేషనుల సంగతి చెప్పక ముగించుటకు మనసొప్పదు. 2020లో కోవిడు వచ్చినపుడు దేశమంతట ప్యాసింజరు బండ్లు నిలిచినవి. మరల నడచినపుడు పెక్కు బండ్లు ఎక్స్‌ప్రెసులై చిన్న ఊళ్లలో ఆగుట మానినవి, చార్జీలును పెరిగినవి. టిక్కెట్లు అమ్ముడుపోని స్టేషనులో బండి ఎందుకు ఆగవలెనని రైల్వేవారు అడుగుదురు. వారి లెక్క వారిది. కాని అడవి నడుమనున్న ఊరివానికి ఆ బండియే ఆసుపత్రి దారి, ఆ బండియే కళాశాల దారి. మనము ఏడాదికొకమారు కుటుంబముతో గాజులపల్లెకు కొను నాలుగు టిక్కెట్లు లెక్కలో చిన్నవే. నంద్యాలలో ఎన్ని పాఠశాలలున్నవో, ఒక్కొక్క దానిలో ఎందరు ఉపాధ్యాయులున్నారో లెక్కించిన పిమ్మట చిన్నవో పెద్దవో చెప్పుడు.

కుటుంబముతో కాక తరగతితో పోవువారికి ఒక దినపు ప్రయాణము చాలును. ఉదయపు బండిలో నంద్యాలనుండి కంబము వరకు పోవుడు. కిటికీ వైపు కూర్చున్నవారు గాజులపల్లె దాటిన పిమ్మట స్థలము మార్చుకొనవలెనను నియమము మొదటనే పెట్టుడు. లేనిచో సొరంగములో తగవు వచ్చును. నంద్యాల దగ్గరి కుందూ పెన్నలో కలియును. కంబము దగ్గర కనబడు గుండ్లకమ్మ నల్లమలలోనే పుట్టినను పెన్నలోను కలియదు, కృష్ణలోను కలియదు. తన దారిన తాను ఒంగోలు సీమ మీదుగ సముద్రము చేరును. ఒకే కొండపై పడిన వాన రెండు వైపులకు విడిపోవుటను అట్లసులో వ్రేలితో చూపుట వేరు, మధ్యాహ్నము కంబము చెరువు కట్టపై నిలిచి చూపుట వేరు. రెండు కొండల సందున గుండ్లకమ్మకు అడ్డముగ కట్టిన ఆ చెరువు కృష్ణదేవరాయల దేవియగు వరదరాజమ్మ కట్టించినదని ప్రసిద్ధి. కట్టపై చెట్టు నీడ తక్కువ. టోపీలు, నీళ్ల సీసాలు మరువవలదు. కంబములో బండి దిగిన వెంటనే, చెరువుకు ఆటో మాట్లాడుటకు ముందే, తిరుగు బండి వేళ విచారించి ప్రతి పిల్లవానిచేతను అరచేతిలో వ్రాయించుడు.